ప్లాస్టిక్ సోలార్ సెల్ ఎన్నేళ్ళు మన్నుతుంది?

డాబా మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకోవాలనుకునే వాళ్ళు ముందుగా అడిగేవి రెండు ప్రశ్నలు. ఎంత కరెంటు వస్తుంది? ఎన్నేళ్ళు వస్తుంది? సిలికాన్ ప్యానెళ్ళయితే రెండో ప్రశ్నకు జవాబు వారంటీ కాగితంలోనే ఉంటుంది. పాతికేళ్ళు గడిచినా మొదటి సామర్థ్యంలో 80 శాతానికి తగ్గదని చాలా కంపెనీలు రాసిస్తున్నాయి. అదే ప్రశ్న ప్లాస్టిక్‌తో, అంటే పాలిమర్ పదార్థాలతో చేసిన సోలార్ సెల్ గురించి అడిగితే చాలాకాలం ఎవరి జవాబు వాళ్ళదే అయింది. ఒక ప్రయోగశాల వందల గంటలు అనేది. మరో ప్రయోగశాల వేల గంటలు అనేది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి దీపం కింద, ఎవరికి వీలైన వేడిలో వాళ్ళు కొలిచారు. కొలిచే పద్ధతి ఒకటి కానప్పుడు ఆ గంటలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. పాలిమర్ సోలార్ సెల్ మన్నికను శాస్త్రవేత్తలు ఎలా కొలుస్తున్నారు, ఆ కొలతలను ఒక దారిలోకి ఎలా తెచ్చారు అన్నదే ఈ ప్రసంగ విషయం.

ప్లాస్టిక్‌లో కరెంటు పారదన్నది అందరికీ తెలిసిన సంగతి. కరెంటు తీగలకు తొడుగు వేసేది దానితోనే. అయితే 1977లో అలన్ హీగర్, అలన్ మెక్‌డయర్మిడ్, హిడెకి షిరకావా కలిసి పాలిఎసిటలీన్ అనే పాలిమర్‌కు అయోడిన్ ఆవిరి పట్టించి, అందులో కరెంటు పారేట్టు చేశారు. 2000లో ఆ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. 1986లో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త చింగ్ టాంగ్ రెండు సేంద్రియ పొరలను ఒకదానిమీద ఒకటి వేసి, ఎండలోని శక్తిలో దాదాపు 1 శాతాన్ని కరెంటుగా మార్చగలిగారు. 1992లో హీగర్, సరిచిఫ్త్చి బృందం ఒక కీలకమైన విషయం కనిపెట్టింది. వెలుగు సోకిన పాలిమర్ తన ఎలక్ట్రాన్‌ను పక్కనే ఉన్న ఫుల్లరీన్ అనే కార్బన్ అణువుకు కనురెప్ప పాటు కూడా పట్టనంత వేగంగా అందిస్తుంది. 1995కల్లా ఆ రెండింటినీ ఒకే పొరలో కలిపేసి సెల్స్ చేశారు. 2019లో చైనాలోని చాంగ్షా నుంచి వై6 అనే కొత్త అణువు వచ్చాక, సామర్థ్యం 15 శాతం దాటింది. ఇప్పుడు ప్రయోగశాలల్లో చేసే చిన్న సెల్స్ 19 శాతం కూడా దాటాయి.

సామర్థ్యం కథ ఇలా పైపైకి పోతుంటే, మన్నిక కథ మాత్రం వెనకబడింది. అందుకు కారణం సెల్ నిర్మాణంలోనే ఉంది.

ఈ సెల్‌లో వెలుగును పట్టుకునే పొర మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు. సిలికాన్ పలక దీనికి వెయ్యి రెట్లకు మించిన మందం ఉంటుంది. పాలిమర్‌ను ద్రావకంలో కరిగించి, సిరాగా చేసి, పత్రికలు అచ్చువేసినట్టే పొడవాటి ప్లాస్టిక్ చుట్ట మీద ముద్రించుకుంటూ పోవచ్చు. దీని అందమంతా అందులోనే ఉంది. తేలిక, చవక, వంచితే వంగుతుంది. కానీ అంత పలచని పొరలో కొద్దిపాటి రసాయన మార్పు జరిగినా అది సెల్ మొత్తాన్నీ తాకుతుంది.

పి3హెచ్‌టి అనే పాలిమర్‌ను దగ్గరనుంచి చూస్తే సంగతి తేటపడుతుంది. ఈ రంగంలో అందరికంటే ఎక్కువగా పరిశోధించిన పాలిమర్ ఇదే. గంధకం ఉన్న చిన్న వలయాలు ఒకదానికొకటి తగులుకుని పొడవాటి గొలుసుగా ఉంటాయి. ఒక్కో వలయానికి ఆరు కార్బన్‌ల తోక వేలాడుతుంటుంది. ఆ తోక లేకపోతే పాలిమర్ ద్రావకంలో కరగదు. కరగకపోతే సిరా కాదు, ముద్రణ లేదు. ఆక్సిజన్ దాడి మొదలయ్యేదీ సరిగ్గా అక్కడే. ఫ్రాన్స్‌లోని క్లెర్‌మాన్ ఫెరాన్ పరిశోధకులు 2009లో దీన్ని మెట్టు మెట్టుగా తేల్చారు. వెలుగు, ఆక్సిజన్ కలిసి ముందు వలయానికి ఆనుకుని ఉన్న మొదటి కార్బన్‌ను పట్టుకుంటాయి. అక్కడినుంచి ఒకదానివెంట ఒకటిగా చర్యలు సాగి, చివరికి వలయంలోని గంధకం ఆక్సీకరణ చెందుతుంది. గొలుసు పొడవునా సాగే ఎలక్ట్రాన్ల దారి తెగిపోతుంది. దారి తెగినచోట రంగు పోతుంది. గాజుపలక మీద పూసిన ఊదా ఎరుపు పొర గాలిలో, దీపం కింద ఉంచితే మెల్లమెల్లగా వెలిసి, చివరికి గాజులా రంగు లేకుండా అయిపోతుంది.

మన్నిక కొలతల్లో అన్నిటికంటే సులువైనది ఈ వెలిసిపోవడాన్ని కొలవడమే. పొర ఏ రంగు వెలుగును ఎంత పీల్చుకుంటోందో కొన్ని గంటలకొకసారి స్పెక్ట్రోమీటర్‌తో చూస్తారు. దాన్ని గ్రాఫుగా గీస్తే, కింద వైశాల్యం తగ్గే వేగమే పాలిమర్ నశించే వేగం. దానితోపాటు ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో కూడా పరీక్షిస్తారు. ఆక్సిజన్ పట్టిన చోట కార్బన్, ఆక్సిజన్ జంట బంధాలు ఏర్పడతాయి. వాటి గుర్తు సెంటీమీటరుకు 1700 తరంగాల దగ్గర ఒక శిఖరంగా లేస్తుంది. మొదటి రోజున లేని శిఖరం పదో రోజున కనిపించిందంటే లోపల ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

డెన్మార్క్‌లోని రిసో పరిశోధనశాలలో ఫ్రెడరిక్ క్రెబ్స్ బృందం ఇదే పద్ధతిలో ఎన్నో పాలిమర్లను వరసగా పెట్టి పోల్చింది. తోకలు ఎక్కువైన కొద్దీ మన్నిక తగ్గుతుందని తేలింది. దీనికి ఒక ఉపాయం ఉంది. ముద్రించడానికి తోక కావాలి, ముద్రించాక అది అనవసరం. అందుకని వేడిచేస్తే తోక ఊడిపోయే పాలిమర్లను తయారుచేశారు. ముద్రించిన పొరను 200 డిగ్రీల దగ్గర వేడిచేస్తే తోకలు తెగి ఆవిరిగా వెళ్ళిపోతాయి. మిగిలిన గట్టి పొర అంతకుముందు దానికంటే ఎక్కువకాలం నిలిచింది.

పాలిమర్ ఒక్కటే బాగుంటే సరిపోదు. సెల్ అంటే అయిదారు పొరల కట్ట. అందులో పెడాట్ పీఎస్ఎస్ అనే పొర తేమను పీల్చుకుంటుంది, పైగా ఆమ్ల గుణం ఉన్నది. కింద ఉన్న పారదర్శక ఎలక్ట్రోడ్‌ను అది మెల్లగా తినేస్తుంది. పైనున్న అల్యూమినియం పొరకు కంటికి కనిపించని సూదిబెజ్జాలుంటాయి. ఇక వేడి సంగతి. పాలిమర్, ఫుల్లరీన్ కలిసిన పొరలో రెండూ నానోమీటర్ల స్థాయిలో కలగలిసి ఉంటేనే ఎలక్ట్రాన్లు చేతులు మారతాయి. ఎక్కువసేపు వేడి తగిలితే, కరిగిన నెయ్యి చల్లారుతూ పూస కట్టినట్టు, ఫుల్లరీన్ అణువులన్నీ ఒకచోట చేరి గడ్డ కడతాయి. ఇక్కడ ఏ అణువూ చెడిపోలేదు. రసాయన పరీక్షలో అంతా బాగానే కనిపిస్తుంది. కరెంటు మాత్రం పడిపోతుంది.

అందుకే సెల్‌ను సెల్‌గానే కొలవాలి. దీపం కింద పెట్టి, వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచుతూ కరెంటు ఎంత వస్తోందో గీత గీస్తారు. ప్రామాణిక వెలుగు చదరపు మీటరుకు 1000 వాట్లు. కంప్యూటర్ ఈ గీతను అరగంటకో గంటకో ఒకసారి తనంతట తానే గీస్తూ పోతుంది. ఆ గీత వంపులో రోగ లక్షణాలుంటాయి. కరెంటు తగ్గి మిగతావి నిలకడగా ఉంటే వెలుగును పట్టే పొరనే అనుమానించాలి. గీత భుజం జారిపోతే పొరల మధ్య కలయికలు దెబ్బతిన్నట్టు. గీత పాములా మెలికలు తిరిగితే ఎలక్ట్రోడ్ దగ్గర ఎలక్ట్రాన్లకు ఏదో అడ్డం పడుతున్నట్టు. అనుభవం ఉన్నవాళ్ళు గీత చూసి సగం సంగతి చెప్పేస్తారు. మిగతా సగానికి ఇతర పరీక్షలు కావాలి.

వాటిలో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. సెల్‌లో ఆక్సిజన్ దొరికిందనుకుందాం. అది బయట గాలినుంచి వచ్చిందా, పొరల్లో మొదటినుంచీ ఉన్నదా? మామూలు ఆక్సిజన్ పరమాణు భారం 16. ప్రకృతిలో 500 పరమాణువుల్లో ఒకటి మాత్రమే 18 భారం ఉన్నది. రిసోలో నార్‌మన్, క్రెబ్స్ ఆ బరువైన ఆక్సిజన్‌నే కొని తెచ్చి, సెల్‌ను అలాంటి గాలిలో ఉంచారు. మరో ప్రయోగంలో బరువైన ఆక్సిజన్‌తో చేసిన నీటి ఆవిరి వాడారు. తర్వాత సెల్ పైనుంచి అయాన్లతో పొరపొరగా చెక్కుతూ, ఊడిపడే ముక్కలను తూచే యంత్రంతో పరీక్షించారు. 18 భారం కనిపించిన ప్రతిచోటా బయటి ఆక్సిజన్ చేరినట్టే. ఆ పటంలో అల్యూమినియం సూదిబెజ్జాల చుట్టూ గుండ్రటి మచ్చలు తేలాయి. బెజ్జం నుంచి దిగిన నీరు, ఆక్సిజన్ నాలుగు వైపులా పాకుతున్నాయన్నమాట. శత్రువు ఏ గుమ్మంలోంచి వచ్చాడో అలా దొరికింది.

గుమ్మం మూయాలంటే పైన మూత పొర వేయాలి. మూత ఎంత గట్టిదో కొలవడానికి కాల్షియం వాడతారు. పలచగా పూసిన కాల్షియం అద్దంలా మెరుస్తుంది. నీటి చుక్క తగిలితే రసాయన మార్పు చెంది పారదర్శకం అయిపోతుంది. మూత కింద కాల్షియం పెట్టి, అద్దం ఎంత త్వరగా మాయమవుతుందో చూస్తే, ఎంత నీటి ఆవిరి దాటి వచ్చిందో లెక్క తేలుతుంది. మామూలు ప్లాస్టిక్ ఫిల్ము చదరపు మీటరుకు రోజుకు గ్రాము స్థాయిలో ఆవిరిని దాటనిస్తుంది. సేంద్రియ సోలార్ సెల్‌కు అందులో వెయ్యో వంతు కూడా ఎక్కువే.

ఇన్ని కొలతలూ ఉండగా గొడవ ఎక్కడ వచ్చింది? ఆయుష్షును ఒక అంకెగా చెప్పాల్సి వచ్చినప్పుడు.

సెల్ సామర్థ్యం కాలంతోపాటు తిన్నగా గీసిన గీతలా తగ్గదు. మొదటి కొన్ని రోజుల్లో గబగబా పడుతుంది. దీన్ని బర్న్ ఇన్ అంటారు. ఆ తర్వాత నెమ్మదిగా, దాదాపు సరళరేఖలో దిగుతుంది. మొదటి విలువలో 80 శాతానికి చేరే సమయాన్ని టి80 అంటారు. ఈ 80 శాతం ఏ మొదటి విలువలోంచి లెక్కించాలి? తయారైన క్షణంలోదా, బర్న్ ఇన్ ముగిశాక ఉన్నదా? రెండో లెక్కలో ఆయుష్షు ఎంతో ఎక్కువగా వస్తుంది. దీపం సంగతి కూడా అంతే. జినాన్ దీపంలో అల్ట్రావయొలెట్ కిరణాలుంటాయి, తెల్లటి ఎల్‌ఈడీలో ఉండవు. ఎల్‌ఈడీ కింద చెక్కుచెదరని సెల్ ఎండలో వాడిపోవచ్చు. పరీక్ష జరుగుతున్నంతసేపూ సెల్ కరెంటు ఇస్తోందా, తీగలు కలపకుండా ఖాళీగా వదిలేశారా అన్నది కూడా తేడా తెస్తుంది. చాలా సేంద్రియ సెల్స్ ఖాళీగా వదిలితేనే త్వరగా చెడిపోతాయి.

ఈ గందరగోళాన్ని తేల్చుకోవడానికి 2008లో శాస్త్రవేత్తలు ఏటా సమావేశం కావడం మొదలుపెట్టారు. సేంద్రియ సోలార్ సెల్స్ మన్నికపై అంతర్జాతీయ సదస్సు అని దానికి పేరు, ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి ఐసోస్ అంటారు. మూడేళ్ళ చర్చల ఫలితం 2011లో అచ్చయింది. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలకు చెందిన మాథ్యూ రీస్ మొదటి రచయితగా, పలు దేశాల ప్రయోగశాలల వాళ్ళు దానికింద పేర్లు పెట్టారు. అందులో పరీక్షలు అయిదు తరగతులు. చీకట్లో నిలవ ఉంచేది ఒకటి, ఆరుబయట ఎండలో పెట్టేది ఒకటి, ప్రయోగశాల దీపం కింద పెట్టేది ఒకటి, వేడి చల్లదనాల మధ్య తిప్పేది ఒకటి, వెలుగు, వేడి, తేమ మూడింటినీ మార్చి మార్చి పెట్టేది ఒకటి. ఒక్కో తరగతిలో మూడు మెట్లు. మొదటి మెట్టు పరీక్షలకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. డబ్బు తక్కువ ఉన్న కళాశాల ప్రయోగశాల కూడా చేయగలదు. పైమెట్టులో 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న పెట్టెల వంటివి కావాలి.

ఆ పత్రం బలం ఎక్కడుందంటే, ఎవరినీ ఫలానా ఆయుష్షు సాధించాలని అది అడగలేదు. ఏ దీపం, ఎంత వేడి, ఎంత తేమ, మూత ఉన్నదా లేదా, కరెంటు ఇస్తోందా లేదా, ఇవన్నీ రాయమంది. మూడో సదస్సు సందర్భంగా ఒక పెద్ద ప్రయోగం కూడా చేశారు. వేర్వేరు ప్రయోగశాలలు తమ తమ పద్ధతుల్లో చేసిన ఏడు రకాల సెల్స్‌ను రిసోకు పంపించాయి. అక్కడ ఒకే నియమాల కింద ఉంచి, సామర్థ్యం కొంత కొంత తగ్గినప్పుడల్లా తీసి, పలు దేశాల్లోని నిపుణులకు పంచారు. ఒకరు గీతలు గీశారు, ఒకరు ఫొటోలు తీశారు, ఒకరు పొరలు చెక్కి చూశారు. ఒకే సెల్‌ను అందరూ కలిసి పరీక్షించడం ఆ రంగానికి కొత్త.

ఇంకో చిక్కు కాలానిది. పదేళ్ళు మన్నుతుందని చెప్పడానికి పదేళ్ళు ఆగలేరు కదా. అందుకని కాలాన్ని తొందరపెడతారు. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1889లో వేడికీ, రసాయన చర్యల వేగానికీ ఉన్న సంబంధాన్ని సూత్రంగా ఇచ్చారు. రెండు మూడు ఎక్కువ ఉష్ణోగ్రతల దగ్గర కొలిచి, ఆ సూత్రంతో మామూలు వేడి దగ్గరి ఆయుష్షును అంచనా వేస్తారు. ఇజ్రాయెల్‌లో నెగెవ్ ఎడారిలోని స్దె బొకెర్‌లో యూజీన్ కాట్జ్ బృందం వెలుగునే పెంచింది. పళ్ళెం ఆకారపు అద్దంతో ఎండను ఒకచోట చేర్చి, ఆప్టికల్ ఫైబర్ గుండా గదిలోకి తెచ్చి, చిన్న సెల్ మీద ఎన్నో రెట్ల ఎండ పడేట్టు చేసింది.

తొందరపెట్టడంలో ప్రమాదమూ ఉంది. ప్రతి పాలిమర్‌కూ ఒక వేడి దగ్గర గొలుసులు సడలి కదలడం మొదలవుతుంది. ఆ హద్దు దాటించి పరీక్షిస్తే, మామూలు ఎండలో ఎన్నటికీ రాని జబ్బు పరీక్షలో వస్తుంది. సూత్రం తప్పు కాదు, దాన్ని వాడిన చోటు తప్పు అవుతుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మెక్‌గీహీ బృందం 2011లో పీసీడీటీబీటీ అనే పాలిమర్ సెల్స్‌కు దాదాపు 7 ఏళ్ళ ఆయుష్షు ఉండవచ్చని ప్రకటించింది. ఆ అంకె వెనకున్న లెక్క చూడాలి. గాజు మూత వేసిన సెల్స్‌ను నిజంగా దీపం కింద ఉంచింది 4400 గంటలు. రోజుకు అయిదున్నర గంటల నిండు ఎండ అనుకుంటే 2000 గంటలు ఒక ఏడాదికి సమానం. అంటే కొలిచింది రెండేళ్ళకు కాస్త పైన, మిగతాది గీతను ముందుకు పొడిగించి చెప్పింది. బర్న్ ఇన్ తరువాతి విలువనే మొదటి విలువగా తీసుకున్నారు. ఇదంతా వాళ్ళు దాచకుండా రాశారు. కాబట్టే ఆ అంకెను ఇప్పటికీ ఉదహరిస్తున్నారు.

పదేళ్ళ తర్వాత, 2021లో, మిచిగాన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ ఫారెస్ట్ బృందం 30 ఏళ్ళు దాటే అంచనా వేసింది. వాళ్ళ సెల్‌లో అల్ట్రావయొలెట్ సోకినప్పుడు జింక్ ఆక్సైడ్ పొర పక్కనున్న అణువులను దెబ్బతీస్తోంది. రక్షణ లేని సెల్స్ 12 వారాల్లో మొదటి సామర్థ్యంలో 40 శాతం కన్నా కిందికి పడ్డాయి. వాళ్ళు మధ్యలో చాలా పలచని రక్షణ పొరలు వేశారు, బయట అల్ట్రావయొలెట్‌ను ఆపే పూత పెట్టారు. 27 రెట్ల ఎండ దాకా, 65 డిగ్రీల వేడి దాకా పరీక్షించి లెక్క కట్టారు. రోగం ఎక్కడుందో కొలత చూపించింది, మందు అక్కడే వేశారు.

మన ఊళ్ళ ఎండలకు ఈ అంకెలు ఎంతవరకు పనికొస్తాయి? వేసవిలో రెంటచింతలలో నీడన 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో ఉన్న ప్యానెల్ గాలికంటే 25, 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. అంటే ఐసోస్ కొన్ని పరీక్షలకు అడిగే 65 డిగ్రీలు పల్నాటి డాబా మీద మామూలు మధ్యాహ్నపు వేడి. విశాఖపట్నంలో వేడి కాస్త తక్కువైనా సముద్రపు తేమ ఏడాది పొడవునా ఉంటుంది. ఒకే సెల్ ఈ రెండు చోట్లా రెండు రకాలుగా ముసలిదవుతుంది. అందుకే డెన్మార్క్ చల్లటి ఎండలో, నెగెవ్ పొడి ఎండలో వచ్చిన ఫలితాలను ఇక్కడికి నేరుగా దించుకోలేం. ఆరుబయటి పరీక్ష ఇక్కడి గాలిలో, ఇక్కడి వానలో జరగాలి. ఐసోస్ మొదటి మెట్టుకు కావలసింది ఎండ, వోల్టేజి, కరెంటు కొలిచే సామగ్రి, ఓపిక ఉన్న విద్యార్థులు. మన విశ్వవిద్యాలయాల భౌతిక, రసాయన శాస్త్ర విభాగాలకు ఇది అందని పని కాదు.

ప్లాస్టిక్ సోలార్ సెల్ ఇన్నేళ్ళు మన్నుతుందని పత్రికలో వార్త వచ్చినప్పుడు చదివేవాళ్ళు అయిదు సంగతులు వెతకాలి. ఏ దీపం కింద? ఎంత వేడిలో? గాలిలోనా, నైట్రోజన్ నింపిన పెట్టెలోనా? కరెంటు ఇస్తూనా, ఖాళీగానా? నిజంగా కొలిచిన గంటలెన్ని, పొడిగించి చెప్పిన గంటలెన్ని? ఈ అయిదింటికీ జవాబు ఉన్న అంకె చిన్నదైనా పనికొస్తుంది. జవాబు లేని అంకె ఎంత పెద్దదైనా పక్క సెల్‌తో పోల్చడానికి రాదు.

ఇప్పుడు ఈ పద్ధతులు పాలిమర్ల దగ్గరే ఆగలేదు. పెరోవ్‌స్కైట్ అనే మరో రకం సోలార్ సెల్స్ పదేళ్ళలోనే 20 శాతం సామర్థ్యం దాటి, అదే మన్నిక సమస్యలో పడ్డాయి. అవి పగలు కొంత చెడిపోయి, రాత్రి చీకట్లో కొంత కోలుకుంటాయి. పాత నియమాల్లో దీనికి చోటు లేదు. అందుకని 2020లో కాట్జ్, ఖెన్‌కిన్ తదితరులు ఐసోస్‌ను విస్తరించి, వెలుగు చీకట్లను రోజులా మార్చే పరీక్షను, చీకట్లో వోల్టేజి పెట్టి ఉంచే పరీక్షను, గాలి తగలకుండా పదార్థం సొంత బలాన్ని చూసే పరీక్షను చేర్చారు. పాలిమర్ సెల్స్ వాళ్ళు మూడేళ్ళు కూర్చుని ఒప్పుకున్న నియమాలే వాటికి పునాది అయ్యాయి.